గంగన్న కట్టిన పాలపిట్టల ఇల్లు

గంగన్నకు గొప్పలు చెప్పుకోవడమంటే మహా ఇష్టం. జగిత్యాల వైపు నుంచి వచ్చి గల్ఫ్‌లోని సహం పట్టణంలో సెంట్రింగ్ పని చేస్తున్న ఈ మనిషి, తాను బిగించిన ప్లైవుడ్ మధ్య పోసిన గోడ అద్దంలా వస్తుందని సైట్‌లో కనబడిన ప్రతివాడికీ చెబుతాడు. అందులో అబద్ధం లేదు, అదే చిరాకు.

మొన్న చలికాలం చివర్లో, సైట్ పక్క తోటలో తల విరిగిన ఖర్జూరపు మోడును కొట్టేశారు. దాని తొర్రలో ఏటా గూడు పెట్టే పాలపిట్టల జంట కరెంటు తీగ మీద కూర్చుని ఒకటే అరుపు. గంగన్న ప్రాణం ఉసూరుమంది.

"దసరాకు వీటి మొఖం చూసేటందుకు మా ఊర్ల చేన్లన్ని తిరుగుతం. ఈడనేమో ఇల్లు లేకుంట చేస్తిమి" అన్నాడు.

మిగిలిన ప్లైవుడ్ ముక్కలతో పెట్టె చేశాడు. తోట యజమాని ముసలాయన నవ్వి, కట్టుకోమని ఒక చెట్టు చూపించాడు. జంట చేరింది. గుడ్లు పెట్టింది. పిల్లలయ్యాయి! గంగన్న కాలు నేల మీద నిలవలేదు. కంపెనీ డ్రైవర్ ఎహసాన్‌ది హైదరాబాద్. డ్యూటీ దిగగానే గూడు చూపించడానికి అతన్ని రెక్క పట్టుకుని లాక్కుపోయేవాడు.

పిల్లలకు ఎగిరే ఈడు వచ్చింది. తల్లీ తండ్రీ మిడతలు నోట కరుచుకుని ఎదురుగా కూర్చుని పిలుస్తున్నాయి. ఒక్క తల బయటికి రాదు. గంగన్న నిచ్చెనెక్కి పెట్టెకు చెవి ఆనించాడు. బరబరా గోళ్ల చప్పుడు, జర్రున జారడం, దబ్బున పడడం. మళ్లీ బరబరా.

దిగొచ్చి నెత్తి కొట్టుకున్నాడు.

"నున్నటి దిక్కు లోపటికి పెట్టిన భయ్! చెయ్యి అలవాటు. కాంక్రీటు అంటొద్దని అట్లనే పెడుతం గద! పిల్లల కాలు ఎట్ల నిలుస్తది? లోపల్నే సచ్చిపోతయి!"

"క్యా గంగన్నా! గూడు కట్టమంటే స్లాబ్‌కు కొట్టినట్టు కొట్టినవా?" అన్నాడు ఎహసాన్. "నక్కో రో, ఏడ్వకు. నడువ్, నిచ్చెన నేను పట్టుకుంట."

గోనెసంచి చింపి, హెల్మెట్ పెట్టుకుని గంగన్న ఎక్కాడు. పిట్టలు ఊరుకుంటాయా? నీలి రెక్కలు విప్పి మీదికి దూకి, హెల్మెట్ మీద టకటకా మొట్టికాయలు వేశాయి.

"మీ పిల్లల కోసమేనే తల్లీ! ఆగు! అవ్వో!" అని మొత్తుకుంటూనే మూత తీసి, గోనెపట్టీని అంచుకు బిగించి లోపలికి వదిలాడు. కింద ఎహసాన్ నవ్వుకు నిచ్చెన ఊగిపోయింది.

ఇద్దరూ కాస్త పక్కకు వెళ్లి తోటలో పెంచిన పశువుల మేతలో బోర్లా పడుకున్నారు. బరబరా చప్పుడైంది. జారిన చప్పుడు లేదు. కంతలోంచి ఒక ముక్కు, దాని వెనక ఒక కన్ను.

"దుంకు బిడ్డా" అని గొణిగాడు గంగన్న.

దూకింది. ఎగరడం సగమే చేతనై ఎహసాన్ వీపు మీద పడి, అక్కడ రెట్ట వేసి, మళ్లీ లేచి చెట్టు కొమ్మ పట్టుకుంది. దాని వెనకే తక్కినవీ వచ్చేశాయి. గంగన్న లేచి మేతంతా తొక్కుతూ గంతులేశాడు. ఏడుస్తున్నాడు, నవ్వుతున్నాడు.

"ఎన్ని ఇండ్లకు పని చేసిన్నో! లోపట ఉండేటోళ్లను ఒక్కపారన్న చూడలే. వీళ్లను చూసిన భయ్!"

"చూసినవ్ సరే, ఖాళీ చేసి పోతున్నరు గద?" అన్నాడు ఎహసాన్, చొక్కా విప్పుకుంటూ.

"పోవాలె భయ్. పోనియ్యకుంటే అది ఇల్లెట్లయితది?"