ఎద్దు నుదుటి మీద అరచేయి

మా పెద్దనాయన పోయాడన్న కబురు నాకు ఆత్మకూరు అంగడిలో తెలిసింది. ఉప్పు కొని కొంగున మూట కట్టుకుంటున్నాను. మా ఊరి బండి తోలే మనిషి దూరం నుంచే కేకేశాడు.

"అక్కా, మీ పెద్దనాయన పోయిండు. పొద్దుగాలనే పానం పోయింది. జల్ది ఎక్కు."

ఏడుపు రాలేదు. దాచుకోవడమెందుకు, కోపం వచ్చింది. నాలుగేండ్లుగా ఆయన నోటి నుంచి ఒక్క మాట కోసం కాచుకుని ఉన్నాను. ఆ మాట చెప్పకుండానే పోయాడు మహానుభావుడు. బండి ఎక్కి ఊరు చేరేదాకా ఆయనను తిట్టుకుంటూనే ఉన్నాను. చచ్చినవాళ్లను తిట్టరాదంటారు. ఆయన బతికున్నప్పుడు పెద్దవాళ్లను తిట్టరాదన్నారు. మరి నేనెప్పుడు తిట్టాలి?

పెద్దనాయన అంటే మా నాయనకు సొంత అన్న. ఆయనకు పిల్లలు లేరు. పెద్దమ్మ ఎప్పుడో పోయింది. నేను ఇరవై ఏండ్లకే మొగుడు పోయి మా నాయన ఇంటికి వచ్చినప్పుడు, మా రెండిళ్లలో కలిపి ఆడదిక్కు నేనొక్కదాన్నే. వచ్చిన కొత్తలో కొట్టం మూలన కూర్చుని రోజంతా ఏడ్చేదాన్ని. ఒకనాడు పెద్దనాయన వచ్చి పొయ్యిలో బూడిద తెచ్చి నా ముందు నేల మీద పరిచాడు. "ఏడ్చుకుంటనే నేర్చుకో, ఎవరు వద్దన్నరు?" అని నా వేలు పట్టి బూడిదలో 'అ' దిద్దించాడు. ఒక వానకాలమంతా అట్లా దిద్దించాడు. ఈనాడు ఈ నాలుగు ముక్కలు రాస్తున్నానంటే అది ఆయన పెట్టిన భిక్షే. ఆయన మీద ఫిర్యాదు కూడా ఆయన నేర్పిన అక్షరాలతోనే రాయవలసి వచ్చింది.

పశువుల రోగాలు ఆయనకు తెలిసినట్టు చుట్టుపక్కల ఊళ్లలో ఎవరికీ తెలియవు. జబ్బు చేసిన ఎద్దు దగ్గరికి పోగానే చేయి వేసేవాడు కాదు. ముందు దాని ముక్కు దగ్గర తన ముక్కు పెట్టి ఊపిరి వాసన చూసేవాడు. తరువాత దానితో కాసేపు మాట్లాడేవాడు. పంట బాగుందని, వాన రాలేదని, ఏవో లోకాభిరామాయణం మాటలు. నడుముకు ఎప్పుడూ వాము మూట ఉండేది. ఇంట్లో పశువులకు మేత పడనిదే తాను ముద్ద ముట్టేవాడు కాదు. "నోరు లేనిదానికి అబద్ధం రాదు, నోరున్నోడే దాని పేరు మీద ఆడ్తడు" అనేవాడు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

ఎడ్ల పాతర ఆయన పెట్టిందే. చదివేవాళ్లకు మా ఊరి పద్ధతి తెలియదు కనుక చెప్పాలి. జోడెద్దులున్న ప్రతి ఇల్లూ కోతలయ్యాక కొన్ని కుంచాల జొన్నలు తెచ్చి చావడి వెనక నేలలో తవ్విన పాతరలో పోయాలి. ఎవరి ఎద్దుకు జబ్బు చేసినా మందూ మాకూ ఖర్చు ఆ జొన్నల నుంచే. పెద్దనాయన వల్ల కాకపోతే వనపర్తి నుంచి సలోత్రిని, అంటే సర్కారు పశువుల డాక్టరును, బండి కట్టి పిలిపించేవారు. ఆ బండి ఖర్చూ, మందుల ఖర్చూ పాతరదే. ఎద్దు చచ్చిపోతే మారు ఎద్దు కొనుక్కోవడానికి జొన్నలు కొలిచి ఇచ్చేవారు. యుద్ధం రోజుల్లో సర్కారుకు లేవీ ధాన్యం కొలిచి ఇళ్లు ఖాళీ అయినప్పుడు కూడా మా ఊరివాళ్లు పాతరకు పోయడం మానలేదు.

అయితే గొణిగేవాళ్లు గొణిగేవారు. "అయిదేండ్లాయె పోస్తున్నం. మా ఎడ్లకు ఒక్క రోగం రాలే. మా జొన్నలన్ని ఏమాయె?" అని ఒకాయన చావడిలో నిలదీశాడు.

"రోగం రాలేదని ఏడుస్తున్నవా?" అన్నాడు పెద్దనాయన. "పో, ఇంటికి పోయి నీ ఎడ్లకు దండం పెట్టు."

పాతరకు ఒక కట్టు ఉంది. ఏరువాక పున్నమినాడు ఎడ్లను కడిగి, కొమ్ములకు రంగు పూసి చావడి ముందుకు తోలుకొస్తారు. యజమాని తన కుడి అరచేయి ఎద్దు నుదుటి మీద పెట్టి, దానికున్న లోపం అందరూ వినేటట్టు చెప్పాలి. "నా ఎద్దుకు ఈ లోపం ఉన్నది. ఇంకే లోపం లేదు" అనాలి. చెప్పిన లోపం వల్ల ఏం జరిగినా ఆ ఏడాది పాతర పలకదు. ముందే ఉన్న రోగానికి ఊరెందుకు పెట్టుకోవాలి? కానీ పాము కరిచినా, బావిలో పడినా, గాలికుంటు వచ్చినా, మిగతా దేనికైనా పాతర నిలబడుతుంది. లోపం దాచి తరువాత బయటపడితే మాత్రం ఆ ఇంటిని మూడేండ్లు పాతర నుంచి వెలివేస్తారు. దాచాడా లేదా అని తేల్చేది పెద్దనాయనే. ఊరి దిగువ వీధి, కింది గేరి ముసలమ్మ ఒక ఏడు తన ఎద్దు కుంటు సంగతి దాచిందని ఆయనే తేల్చాడు. ఆమె కాళ్లావేళ్లా పడినా వినలేదు. అది న్యాయమేనని అప్పుడు నేను కూడా అన్నాను.

మరుసటి ఏడు పున్నమి ముందురోజు నేను మా కొట్టంలో గాబు తొట్టి వెనక వంగి కుడితి కలుపుతున్నాను. మా నాయన, పెద్దనాయన లోపలికి వచ్చారు. నన్ను చూడలేదు.

"అన్నా, మన మైల ఎద్దు తెల్లారగట్ల దగ్గుతున్నది. చల్లనీళ్లు తాగితె మరింత. రేపు చెప్పాలె గదా?" అన్నాడు మా నాయన.

పెద్దనాయన బూడిద రంగు మీద ఉన్న ఆ మైల ఎద్దు ఊపిరి వాసన చూశాడు. 

"చెప్పకు" అన్నాడు.

"గట్లెట్ల?"

"ఈ ఎద్దు పోతె నీకు జోడు ఉండది. జోడు లేనోనికి కౌలు ఎవడిస్తడు? బిడ్డను పెట్టుకోని ఏం తింటవ్? నువ్వు లోపం లేదను. అడిగేటోన్ని నేను, చూసేటోన్ని నేను. నీకేంది పరేషాన్? నేనున్న."

మా నాయన అబద్ధం చెప్పే మనిషి కాదు. కానీ అన్న మాట జవదాటే మనిషి అంతకన్నా కాదు. మరునాడు మైల ఎద్దు నుదుటి మీద చేయి పెట్టి, "నా ఎద్దుకు ఏ లోపం లేదు" అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన ఎద్దు వంక చూడలేదు. అన్న వంక చూశాడు. పెద్దనాయన తల ఊపాడు.

కార్తీకంలో చలి ముదిరింది. యాసంగి జొన్న విత్తే అదనులో మైల ఎద్దు పడిపోయింది. పెద్దనాయన మూడు రోజులు దాని పక్కనే కూర్చున్నాడు. కషాయాలు పోశాడు, ఛాతీకి కాపడం పెట్టాడు. సలోత్రి వచ్చి చూసి, "ఈ దగ్గు ఎన్నాళ్ల సంది ఉన్నది?" అని అడిగాడు. మా నాయన నేల చూశాడు. ఊరివాళ్లు నలుగురు అక్కడే ఉన్నారు. మరునాటికి ఎద్దు చచ్చిపోయింది.

చావడి దగ్గర అందరూ కూడారు. కింది గేరి ముసలమ్మ అందరికన్నా ముందు వచ్చి నిలబడింది.

"నా ఎద్దు కుంటు నీ కంటికి కానొచ్చె. నీ తమ్ముని ఎద్దు దగ్గు నీ చెవుకు ఇనరాలేదా?" అని పెద్దనాయనను అడిగింది.

అడగవలసిన మాటే. నేను గోడ పక్కన నిలబడి పెద్దనాయన ముఖం చూస్తున్నాను. ఇప్పుడు చెబుతాడు, తప్పు నాదే అంటాడు, చెప్పకని నేనే అన్నానంటాడు అనుకున్నాను. అంత నమ్మకం నాకు. నా వేలు పట్టి 'అ' దిద్దించిన మనిషి కదా.

"దగ్గు ముందే ఉండె. మా తమ్ముడు దాచిండు" అన్నాడు పెద్దనాయన.

అంతే. ఆ మాటలో అబద్ధం లేదు. సగం నిజం మింగేశాడు, అంతే. తమ్ముడని కూడా చూడకుండా ధర్మం పలికాడని ఊరంతా ఆయనకు చేతులెత్తి మొక్కింది. మా నాయన పేరు ఆనాటి నుంచి 'దాచినోడు' అయింది.

ఇంటికి వచ్చాక నేను అగ్గినైపోయాను. "పద నాయనా, చావడికి పోదాం. నేను ఇన్న, నేను చెప్త" అన్నాను.

మా నాయన నా చేయి పట్టుకుని తన తల మీద పెట్టుకున్నాడు. "నా మీద ఒట్టు, నువ్వు చెప్పొద్దు. ఊరు ఆయన మాట మీదనే జొన్నలు పోస్తున్నది. ఆ మాట పోతె పాతర పోతది. నాకు ఒక్క ఎద్దు పోయింది. రేపు ఎన్ని కొంపల ఎడ్లు పోతయో?"

మమ్మల్ని మూడేండ్లు పాతర నుంచి వెలివేశారు. కౌలు పోయింది. ఉన్న రెండెకరాలు ఒక ఎద్దుతో ఎట్లా దున్నుతారు? మా ఆవుకు జబ్బు చేసినప్పుడు సలోత్రిని పిలిచే శక్తి లేకపోయింది. అప్పుడు పెద్దనాయన వెనక గోడ దిక్కు నుంచి వచ్చి ఆవుకు మందు పోసి పోయాడు.  ఆవు బతికింది. అది నేను మరిచిపోలేదు, మరిచిపోవడానికి మనసు ఒప్పదు.

ఆ మూడేండ్లూ ఏరువాక నాడు ఆయన తన రెండెడ్లలో ఒకదాన్ని తోలుకొచ్చి మా వాకిట్లో గుంజకు కట్టి, ఏమీ అనకుండా వెళ్లిపోయేవాడు. మా నాయన ఒక్కసారి కూడా దాని మెడ మీద కాడి పెట్టలేదు. అట్లని తరిమేయలేదు కూడా. "దానిదేం తప్పు? నీళ్లు పెట్టు బిడ్డా" అనేవాడు. పొద్దు వాలాక పెద్దనాయన వచ్చి విప్పుకుని పోయేవాడు. ఈ మూగనాటకం చూసి చూసి నాకు విసుగు పుట్టేది. ఎద్దును కట్టిపోతే ఏమొస్తుంది? పోయిన పేరు తెచ్చి కట్టవలసింది.

ఆయన మంచాన పడ్డాక జావ కాచి తీసుకుపోయేదాన్ని. మనసొప్పి కాదు, ఆ ఇంట్లో వేరే మనిషి లేదు గనుక. పోయే ముందు వారం, నాలుగు గుక్కలు తాగి నా వంక చూశాడు.

"ఆనాడు గాబు ఎన్క నువ్వున్నవ్ గదా?"

 "ఉన్న."

"ఇన్నవా?"

"అంత ఇన్న."

ముఖం ఇంటి కప్పు దిక్కు తిప్పాడు. "నువ్వన్నా చెప్పకపోతివి" అన్నాడు.

చూశారా ఆ మాట! తాను చేసిన పని నా కొంగున కట్టాడు. గిన్నె అక్కడే పెట్టి వచ్చేశాను. మరునాడు మళ్లీ జావ తీసుకుపోయాను. ఆ సంగతి ఎత్తకుండా తాగించి వచ్చాను. కానీ ఆ మాట నన్ను వదలలేదు. అది నింద కాదేమో, చెప్పమని అడుక్కోవడమేమో అని తరువాత తరువాత అనిపించింది. అయినా నాకు కోపం తగ్గలేదు.

ఆత్మకూరు నుంచి వచ్చి నేను బండి దిగేసరికి ఆయనను వాకిట్లో పడుకోబెట్టి నుదుటి నిండా విభూతి పూశారు. పాడె కట్టారు. కొడుకు లేడు గనుక నిప్పు పట్టవలసింది తమ్ముడే. మా నాయన వీధికి అవతల అరుగు మీద కూర్చుని ఉన్నాడు. పెద్దలు ఇద్దరు పోయి పిలిచి వచ్చారట. "నేను పట్ట" అన్నాడట. పొద్దెక్కుతోంది. దాచినోడికి ఇంకా కక్ష తీరలేదని ఎవరో గొణిగారు.

అప్పుడు ఒక పెద్దమనిషి కండ్లు తుడుచుకుంటూ, "అబద్ధమనేది తెల్వని మనిషి. సొంత తమ్మున్ని సుత దాచలే" అన్నాడు.

నాకు ఇక ఆగలేదు. ఒట్టు సంగతి ఆ నిమిషాన గుర్తుకు రాలేదంటే అబద్ధం. వచ్చింది. అయినా పోయి పెద్దనాయన తల దగ్గర కూర్చుని, నా కుడి అరచేయి ఆయన నుదుటి మీద పెట్టాను. మా ఊరిలో ఆ చేయి పెట్టడమంటే ఏమిటో పిల్లలకు కూడా తెలుసు. 

"మా పెద్దనాయనకు ఒక లోపం ఉన్నది" అన్నాను. "మైల ఎద్దుకు దగ్గున్నదని మా నాయన పున్నమి ముందురోజే ఈయనకు చెప్పిండు. చెప్పకు, నేను చూసుకుంటనని ఈయననే అన్నడు. గాబు ఎన్క ఉండి నేను ఇన్న. చావడిల ఆ మాట మింగిండు."

 మిగతాది ఎట్లాగో అన్నాను.

"ఇంకే లోపం లేదు."

 కింది గేరి ముసలమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నేను చేయి తీయలేకపోయాను. ఆ నుదురు అంత చల్లగా ఉంటుందనుకోలేదు. ఎంత సేపు అట్లా కూర్చున్నానో, పక్కన మా నాయన కాళ్లు కనిపించాయి. వీధి దాటి వచ్చాడు.

"చెయ్యి తియ్యి బిడ్డా. ఎండెక్కుతున్నది, లేపాలె" అన్నాడు.

అని నిప్పుకుండ తన చేతిలోకి తీసుకుని పాడె ముందు నిలబడ్డాడు. నలుగురు భుజాలకెత్తుకున్నారు. విభూతి మీద నా అయిదు వేళ్లూ అచ్చు పడ్డాయి. దాన్ని సరిచేయమని ఎవరూ అనలేదు. ఆ గుర్తుతోనే ఆయనను చావడి ముందు నుంచి, పాతర పక్క నుంచి తీసుకుపోయారు.