సోమక్కను గోదావరిలో ముంచిన వైనం

నా మొదటి నవలకు పాఠకులు ఎలా దొరికారో చెబితే మీరు నవ్వుతారు. నవ్వండి. కానీ మీ ఇంట్లో నవల రాసేవాళ్ళు ఎవరైనా ఉంటే ఇది చదివి వినిపించండి. అంతటి ఉపద్రవం పగవాళ్ళకు కూడా వద్దు.

తెలంగాణ కోసం బస్సులు, బళ్ళు, ఆఫీసులు అన్నీ బందైన రోజులవి. మా ఇల్లు జనగామ బస్టాండు వెనుక కాబట్టి ఉద్యమం కరపత్రాలన్నీ మా అరుగు మీదే దించేవారు. ఒకసారి బంద్ తేదీ మారి, అచ్చయిన కట్ట అంతా పనికిరాకుండా పోయింది. కమిటీ యాదగిరి దాన్ని చాయ్ పొయ్యిలో పెట్టబోతుంటే నా ప్రాణం ఉసూరుమంది. వెనుకవైపు కడిగిన పళ్ళెంలా తెల్లగా ఉంది మరి. లాక్కుని లోపల దాచాను.

నేను నాలుగో తరగతితో బడి మానేసిన మనిషిని. నవల రాయాలన్న పిచ్చి మాత్రం ఎప్పటినుంచో ఉంది. కాగితం కొనాలంటేనే చెయ్యి వచ్చేది కాదు. ఇప్పుడు ఉచితంగా వచ్చాక ఆగుతానా?

బయ్యారం దగ్గర ఒక ఊళ్ళో సోమక్క. మొగుడు పోయాడు. ఆమెకున్న కాస్త మెట్టభూమిని, ఆ చెలకను బావలు కాజేయాలని చూస్తారు. ఆమె కదలదు. ఇదీ కథ. అంచులు కూడా వదలకుండా, చీమల బారులా కుదించి రాశాను. పేజీలకు అంకెలు వేయలేదు, సిరా దండగని. కథ రసపట్టులో ఉండగా కాగితాలు అయిపోయి ఒక్కటే మిగిలింది. ఆలోచించాను. సోమక్కను కాళేశ్వరం తీసుకుపోయి, గోదావరిలో స్నానానికి దింపి, అక్కడే ముంచేశాను. ఇంకా సగం పేజీ మిగిలింది. నా పొదుపుకు నేనే మురిసిపోయి, ఆ కాగితాన్ని అన్నిటికంటే పైన పెట్టి మూట కట్టాను. పోస్టు నడవగానే పత్రికకు పంపాలని ఆశ. ఉన్నది ఆ ఒక్క ప్రతే.

ఆ వారమే వరంగల్ రోడ్డు మీద వంటావార్పు. రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి, అక్కడే వండుకుని తినడమే మా నిరసన. నేను ఇంటి వెనుక బియ్యం కడుగుతుంటే యాదగిరి వచ్చాడు.

"అక్కా, కొత్త కరపత్రాలు యాడున్నయి?"

"అరుగు మీద మూట ఉన్నది, తీస్కపో. గుడ్డ మాత్రం మళ్ళ తెచ్చియ్యాలె."

గుడ్డ గురించి చెప్పాను గానీ, మూట గురించి తల ఎత్తి చూడలేదు. చెమ్మ తగిలిందని నా నవలను కూడా పొద్దున్నే అరుగు మీద ఎండకు పెట్టాను. రెండు మూటలకూ ఒకే పాత చీర చించి కట్టాను. అతను విప్పి చూసినా ఒకవైపు అచ్చే కనిపిస్తుంది కదా.

రోడ్డు మీద నేను గరిటె తిప్పుతుంటే యాదగిరి ఉరుక్కుంటూ వచ్చాడు.

"గిదేంది అక్కా, అయిపోయిన బంద్‌కు రమ్మంటున్నమని జనం నవ్వుతున్నరు. వెనకేమో ఎవరో సీమలు పారిచ్చినట్టు రాసిన్రు."

నా గుండె అన్నం కుండలో పడ్డట్టయింది. "ఎన్ని పంచినవు?"

"అన్ని పంచిన. భూపాలపల్లి పోయే లారోళ్ళకు గూడ ఇచ్చిన."

పక్క పొయ్యి దగ్గర, తండా నుంచి వచ్చిన కమ్లీబాయి కూతురితో ఒక కాగితం చదివించుకుంటోంది. తొంగి చూశాను. నా ఆఖరి పేజీ.

"గిది రాసినోళ్ళకు జర గూడ తెల్వి లేదు," అంది కమ్లీ.

"లేనట్టే ఉన్నది," అన్నాను.

"మంచిగున్న మనిషిని ఊకెనే నీళ్ళల్ల ముంచిన్రు. ఆమె ఏం తప్పు చేసింది?"

"ఏం చెయ్యలే. కాయితం అయిపోయింది."

నోరు జారాక నాలుక కరుచుకుని లాభం లేదు. సంతలో మేక పళ్ళు చూసినట్టు కమ్లీ నన్ను చూసింది.

"నువ్వేనా?"

"నేనే."

"కాయితం అయిపోతే పానం తీస్తవా అక్కా? మరి ఆమె చెలక ఎవలకు పోతది?"

ఎవరికి పోతుంది, బావలకే. నవలంతా సోమక్కతో వదలనని అనిపించిన భూమిని చివరికి నేనే వాళ్ళ చేతిలో పెట్టాను. మాది మాకు కావాలని రోడ్డెక్కి కూర్చున్న మనిషిని, ఆ మాట నాకు తట్టనేలేదు.

"మొదటికెల్లి చెప్పు," అన్నారు చుట్టూ ఉన్న ఆడవాళ్ళు. చెప్పాను. గింజ నేల పడితే ఏరుకునే నేను, ఆ కథలో పడి కుండెడు అన్నం మాడబెట్టాను.

"ఇయ్యాల పోరాటం సర్కారు మీదనా, అన్నం మీదనా అక్కా?" అన్నాడు యాదగిరి.

సాయంత్రం పేజీల కోసం తిరిగాను. కొన్ని మిర్చిబజ్జీల కింద నూనె పీల్చుకుంటున్నాయి. కొన్ని లారీలెక్కి వెళ్ళిపోయాయి. ముగింపైనా దక్కుతుందని కమ్లీని అడిగాను.

"ఆ కాయితమా? చారు సల్లారుతుంటే పొయ్యిల పెట్టిన. మంచిగ మండింది."

నవలంతా మళ్ళీ మొదటి నుంచి రాశాను, కొన్న కాగితం మీద. రాష్ట్రమే ముందు వచ్చింది, నా నవల తర్వాత పూర్తయింది. ఇప్పుడు సోమక్క గోదావరిలో మునిగి, లేచి, చీర పిండుకుని, బస్సెక్కి చెలకకు వచ్చేస్తుంది.

అందువల్ల ఇంటిల్లిపాదీ ఎదుట నేను చేసిన ప్రమాణం ఇది: కాగితం మిగలడం కోసం ఇక ఏ మనిషినీ చంపను. తప్పనిసరై చంపవలసి వస్తే, ముందుగా ఆ మనిషి భూమిని కూతురి పేర రాయిస్తాను.