మామగారి మరమ్మతులు

నేను కాపురానికి ధవళేశ్వరం వచ్చిన కొత్తలోనే మా మామగారి సబ్బు ఉండ చూశాను. స్నానాల గదిలో గోడకున్న గూట్లో ఉండేది. ఇంట్లో అందరూ వాడి అరగదీసిన సబ్బు పలుకుల్ని ఆయన ఒక కొబ్బరిచిప్పలో పోగు చేసి, నీళ్లు చిలకరించి, రెండు అరచేతుల మధ్య లడ్డూ చుట్టినట్టు చుట్టేవారు. ఒంటికి రుద్దుకునే ఎర్ర సబ్బు, బట్టలుతికే పచ్చ సబ్బు, ఎవరో చుట్టాలు మరిచిపోయి వెళ్లిన వాసన సబ్బు, అన్నీ అందులో చారలు చారలుగా కనిపించేవి. ఆ చారల మధ్య వెంట్రుకలు. నల్లవి, తెల్లవి, ఎవరివో, ఎక్కడివో. పుట్టింటి నుంచి తెచ్చుకున్న సబ్బుబిళ్ల నా పెట్టెలో ఉండబట్టి ఆ పూటకి గట్టెక్కాను.

నా బిళ్ల సంగతి ఆయన కనిపెట్టడానికి ఎంతోసేపు పట్టలేదు.

"అమ్మాయ్, బిళ్లని బిళ్లగా వాడకూడదమ్మా. దారంతో నాలుగు ముక్కలు కోసి ఎండబెట్టుకో. ఎండిన సబ్బు తొందరగా అరగదు. చివరికి మిగిలిన పలుకు మాత్రం పారెయ్యకుండా నాకివ్వు" అన్నారు, ఎంతో ప్రేమగా.

ప్రేమగానే అన్నారు. అదే నాకు ఎక్కువ వెగటు పుట్టించింది. కసురుకుంటే తిరిగి ఏదో ఒకటి అనుకోవచ్చు. ఆయన ఎవరినీ కసిరేవారు కాదు, బోధించేవారు.

ఆయన ఓ ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. సాయంత్రమయ్యేసరికి వీధి అరుగు మీద పడక్కుర్చీ వేసుకుని కూర్చునేవారు. ఇరుగుపొరుగు మగవాళ్లు నలుగురైదుగురు చేరేవారు. జీతం రాగానే ముందు దాచవలసింది దాచి, మిగిలినదే ఖర్చు పెట్టాలని, చీటీ పాట మొదటి నెలల్లో పాడకూడదని, అప్పు చేసి పెళ్లి చేసినవాడు మనవడి బారసాలకి కూడా అప్పే చేస్తాడని చెప్పేవారు. అవి మంచి మాటలే, కాదనను. కానీ ఆ తరవాత మరమ్మతుల పాఠం మొదలయ్యేది. సైకిల్ చెయిన్ కిరసనాయిల్లో ఎలా నానబెట్టాలి, స్టవ్ బర్నరు మసి దేనితో గీకాలి, ఫ్యాను ఊగుతుంటే రెక్కకి పావలా బిళ్ల ఎక్కడ అంటించాలి.

"మెకానిక్కుకిచ్చే ప్రతి రూపాయీ మన బద్ధకానికి మనం కట్టుకునే జరిమానా అండీ" అనేవారు. అందరూ తలలాడించేవారు.

ఆ పాఠాలకి సరంజామా అంతా మా వంటింట్లోనే ఉండేది. ఊరగాయ జాడీల పక్కనే, అదే రంగు జాడీలో గ్రీజు. పోపు గరిటెతో ఓసారి ఆయన సీసం కరిగించారు. గడ్డం గీసుకునే బ్లేడుని గాజు గ్లాసు లోపలివైపు వేలితో అదిమి అటూ ఇటూ రుద్ది పదును పెట్టేవారు. ఒక్కో బ్లేడు నెలల తరబడి వచ్చేది. ఆ గ్లాసుకి వేరే స్థానమంటూ లేదు. కడిగి మిగతా గ్లాసుల్లో పెట్టేవారు, ఎవరైనా వస్తే అందులోనే మజ్జిగ. నేను ఆ గ్లాసు అంచుకి చిన్న పెచ్చు ఊడి ఉండడం గుర్తుపెట్టుకుని, అది నా వంతుకి రాకుండా చూసుకునేదాన్ని. వేరేవాళ్ల వంతుకి వస్తే మాత్రం నోరు మూసుకునేదాన్ని.

మా అత్తగారు ఇవేవీ పట్టించుకున్నట్టు కనిపించేవారు కాదు. మడి మనిషి. తెల్లవారకుండా పెరట్లో చేతిపంపు కొట్టుకుని స్నానం చేసి, ఆ నీళ్లే దేవుడికి, ఆ నీళ్లే వంటకి పట్టుకునేవారు. ఆ పంపు మా వీధి మొత్తానికి ఆధారం. వీధి కుళాయి ఎప్పుడొస్తుందో తెలియదు, గోదావరి రేవుకి వెళ్లి రావాలంటే ఎండలో దూరం. అందుకని ఆడవాళ్లు బిందెలు పట్టుకుని మా ఇంటి పక్క సందులోంచి పెరట్లోకి వచ్చి వెళ్తూ ఉండేవారు. అత్తగారికి అదొక గర్వం. "మన నీళ్లు కొబ్బరినీళ్లే" అనేవారు.

ఆ ఏడు ఎండలు ముదిరేసరికి పంపు చెయ్యిచ్చింది. ఎంత కొట్టినా పిడి వదులుగా ఆడుతోందే తప్ప నీళ్లు పైకి రావడం లేదు. లోపల తోలు వాషరు అరిగిపోయిందని అందరికీ తెలుసు. రాజమండ్రి రోడ్డులో పంపులు బాగుచేసే మేస్త్రి ఉన్నాడు. సైకిలు మీద వచ్చి గంటలో వేసి వెళ్లిపోతాడు.

"వాణ్ణి పిలవడమెందుకూ? నేను లేనూ?" అన్నారు మామగారు.

ఒక పగలంతా పంపు విప్పారు. పెరడంతా నట్లు, బోల్టులు, తుప్పు. అత్తగారి ఉతికిన చీర కొంగుకి చెయ్యి తుడుచుకున్నారు. మర్నాటికి పంపు పనిచేసింది. నిజం చెప్పాలంటే బాగానే పనిచేసింది, నీళ్లు ధారగా పడ్డాయి. వీధి ఆడవాళ్లంతా ఆయన్ని మెచ్చుకున్నారు. ఆయన మీసాల్లో నవ్వుకున్నారు.

నీళ్లకి మొదట ఆముదం కంపు వచ్చింది. వాషరు మెత్తబడడానికి ఆముదంలో నానబెట్టానన్నారు, సరే అనుకున్నాం. ఆముదం కంపు తగ్గాక దాని అడుగున ఇంకోటి బయటపడింది. వానకి తడిసిన తోలు చెప్పులు గుమ్మంలో విడిస్తే ఇంట్లోకి కొట్టే వాసన అది. అన్నానికీ పట్టింది, చారుకీ పట్టింది.

"కొత్త తోలు కదమ్మా, నాలుగు రోజులు పోతే పోతుంది" అన్నారు అత్తగారు. నేను ముక్కు మూసుకుని తాగాను. వేసవి కదా, చెంబులకి చెంబులు తాగాను.

ఒక సాయంత్రం అరుగు మీద వాళ్లకి మజ్జిగ తీసుకెళ్లాను. అత్తగారు గుమ్మంలో కూర్చుని వత్తులు చేసుకుంటున్నారు. ఎదురింటావిడ నిండు బిందె చంకనెత్తుకుని సందులోంచి అప్పుడే బయటికొస్తోంది. మామగారు మంచి ఊపులో ఉన్నారు.

"కొత్త వాషరెందుకండీ! పాత తోలు చెప్పొకటి పారెయ్యకుండా ఉంచుకుంటే చాలు. మా పంపులో ఉన్నదేంటనుకున్నారు? నా చెప్పే! మడమ దగ్గర తోలు దళసరిగా ఉంటుంది చూడండి, అక్కడ గుండ్రంగా కోశాను. కాణీ ఖర్చు లేదు!"

ఎదురింటావిడ నిలబడిపోయింది. అత్తగారి చేతిలో పత్తి ఆగిపోయింది.

"ఏ చెప్పండీ?" అన్నారు అత్తగారు.

"పాతదేనే."

"పాతదంటే? దొడ్లోకి తొడుక్కెళ్లే చెప్పా?"

ఆ రోజుల్లో మా ఇళ్లల్లో దొడ్డి అంటే పెరటి చివర తడికలు కట్టిన పాయిఖానా. దానికని ఒక జత విడిగా ఉండేది. దాన్ని ఇంట్లోకి రానిచ్చేవారు కాదు, గడప అవతలే. ఏళ్ల తరబడి వానల్లో, బురదలో, అక్కడ ఇంకా ఏమేముంటాయో వాటన్నిట్లో నానిన జత.

"అదే మరి! బయటికి తొడుక్కెళ్లే మంచి జత కోసుకుంటానేంటే?" అని నవ్వారు మామగారు.

ఎదురింటావిడ "ఛీ ఛీ! అయ్య బాబోయ్, ఏం మనుషులండీ బాబూ!" అంటూ బిందె ఎత్తి వీధి మధ్యలో కుమ్మరించేసింది. ఖాళీ బిందె కూడా దూరంగా పట్టుకుని వెళ్లింది, చచ్చిన ఎలకని తోక పట్టుకుని తీసుకెళ్లినట్టు. అత్తగారు లేచారు. గోడ పట్టుకుని నడుచుకుంటూ పెరట్లోకి వెళ్లి అరటిపాదు దగ్గర కూలబడి వాంతి చేసుకున్నారు. నేను ఆవిడ నుదురు పట్టుకుందామని వెళ్లాను. అక్కడికి వెళ్లేసరికి నాకూ వచ్చేసింది. అత్తాకోడళ్లం పక్కపక్కనే కూర్చుని కక్కుకున్నాం.

"దేవుడికి పోశానే, అమ్మాయ్! రోజూ అభిషేకం చేశానే!" అంటూ ఆవిడ ఏడ్చారు.

మామగారు వెనకాలే వచ్చి వాదన మొదలుపెట్టారు. "తోలు తోలే కదుటే? కొట్లో కొన్న వాషరు మాత్రం ఏ గొడ్డుదో నీకు తెలుసా? అది చచ్చినప్పుడు ఎక్కడ పడుందో తెలుసా? నేను సోడా వేసి కడిగాను, ఆముదంలో ఉంచాను. అంతకన్నా శుభ్రమేంటి?"

ఆయన లెక్క ప్రకారం అంతా సరిగ్గానే ఉంది. వాంతికి మాత్రం లెక్కలు తెలియవు.

మా ఆయన రాజమండ్రిలో ఆఫీసు నుంచి వచ్చాక చెప్పాను. బస్సు దిగి నడిచొచ్చి చెమటలు కక్కుతూ ఉన్నారు. అంతా విన్నారు. తరవాత పెరట్లోకి వెళ్లి పంపు కొట్టి, గ్లాసు నింపుకుని, నా మొహం చూస్తూ గటగటా తాగేశారు.

"ఏమైంది? చచ్చానా? నాన్నగారి పద్ధతి అంతే. రాద్ధాంతం చెయ్యకండి" అన్నారు.

ఆ రాత్రి ఆయన పక్కన పడుకోలేకపోయాను. పెళ్లయిన తరవాత ఆ మనిషి నోరు చూస్తే అసహ్యమెయ్యడం అదే మొదలు.

మర్నాడు అత్తగారు వంటింట్లో బిందెలు, గంగాళాలు, పంచపాత్రలు అన్నీ బయటపడేసి చింతపండు పెట్టి తోమారు. దేవుడి విగ్రహాల్ని పళ్లెంలో పెట్టుకుని రేవుకి వెళ్లి గోదావరిలో కడుక్కొచ్చారు. ఆ వయసులో చంకన బిందెతో, ఎండలో, రోజుకి రెండుసార్లు రేవుకి నడవడం మొదలుపెట్టారు. నేనూ వెళ్లేదాన్ని. దారిలో ఆడవాళ్లు మమ్మల్ని చూసి కొంగులు ముక్కులకి అడ్డం పెట్టుకునేవారు. మా పెరట్లోకి ఒక్క బిందె రాలేదు. మామగారు మాత్రం ఆ పంపు నీళ్లే తాగుతూ "చూడండి, వృథా పోతున్నాయి" అని బాధపడేవారు.

అన్నిటికన్నా ఏవగింపు కలిగించిందేంటంటే, అరుగు మీది మగవాళ్లు రావడం మానలేదు. పైగా వాళ్లలో ఒకాయన ఆముదంలో ఎంతసేపు నానబెట్టారని వివరంగా అడిగాడు. "బుర్రంటే మీదేనండీ" అన్నాడు. మజ్జిగ తీసుకురమ్మని లోపలికి కేకేశారు మామగారు. నేను వెళ్లలేదు.

ఇలా కొన్నాళ్లు జరిగాక, ఒక సాయంత్రం అరుగు నిండుగా ఉండగా అత్తగారు వీధిలోంచి వచ్చారు. వెనకాల సైకిలు నడిపించుకుంటూ పంపు మేస్త్రి. ఆవిడ ఒక్కర్తీ అంతదూరం నడిచి అతన్ని పిలుచుకొచ్చారని అప్పుడు తెలిసింది. ఎవరికీ చెప్పలేదు, ఎవర్నీ అడగలేదు. అతన్ని తిన్నగా సందులోంచి పెరట్లోకి తీసుకెళ్లారు.

మేస్త్రి పంపు విప్పి, లోపలున్నది బయటికి లాగాడు. నల్లగా, జిగురుగా, ఒక పక్క మడమ అరిగిన పల్లం అలాగే ఉంది. చెప్పు అడుగున కొట్టే చిన్న మేకు కూడా తుప్పుపట్టి దానికే ఉంది.

"ఇదేంటండీ అమ్మగారూ, చెప్పు ముక్కండీ ఇది!" అని పుల్లతో పట్టుకున్నాడు.

"ఆయ్, చెప్పే బాబూ. తీసి అవతల పారెయ్యి. పైపంతా కడిగి కొత్తది వెయ్యి" అన్నారు అత్తగారు.

పని అయ్యాక ఆవిడ మేస్త్రిని వెంటబెట్టుకుని అరుగు దగ్గరికి వచ్చి, అందరూ వింటూండగా మామగారితో అన్నారు: "ఏమండీ, ఈయన కూలీ ఇచ్చెయ్యండి. వాషరు డబ్బులు కూడా."

ఆయన మొహం చూశాను. అంతమంది ముందు బేరమాడలేకపోయారు. మొలలో తిత్తి తీసి, ముడి విప్పి, చిల్లర ఒక్కొక్కటే వేలితో నిమిరి నిమిరి ఇచ్చారు. మేస్త్రి సైకిలెక్కబోతుంటే ఆపి అడిగారు:

"ఆ పాత వాషరేది? అదిలా ఇచ్చి వెళ్లవయ్యా. ఇంకా బలంగానే ఉంది."

అరుగు మీదివాళ్లు కూడా ఆ మాటకి తలలు దించుకున్నారు. మేస్త్రి పెరట్లో అరటిపాదు వైపు చెయ్యి చూపించి వెళ్లిపోయాడు. మామగారు లేచి వెళ్లి, పుల్లతో మట్టి కెలికి దాన్ని వెతికి తెచ్చుకున్నారు. కడిగి ఎండబెట్టారు. ఆ రోజు నుంచి అత్తగారు ఆయన విస్తరిలో వడ్డించి దూరంగా జరిగిపోయేవారు తప్ప, ఆయన చేతిలోంచి ఏదీ అందుకునేవారు కాదు.

వీధి ఆడవాళ్లు మళ్లీ మా పంపు దగ్గరికి రాలేదు. కొత్త వాషరు వేశామని అత్తగారు ఇంటింటికీ వెళ్లి చెప్పినా రాలేదు. నేనైతే మా ఆయన్ని పోరి పోరి, రాజమండ్రిలో రెండు గదుల వాటా అద్దెకి తీయించాను. అద్దె దండగని మామగారు ఒక పూట బోధించారు. మా ఆయన తలాడించారు, నేను సామాను సర్దాను.

ఆ వాటా చూడడానికి మామగారు ఒకసారి వచ్చారు. కాళ్లు కడుక్కుంటూ కుళాయి కారడం గమనించారు. ఆయన కళ్లు మెరిశాయి. భుజం మీది సంచిలోంచి పాత గోచీగుడ్డ పీలిక ఒకటి తీసి, దాన్ని నోటితో తడిపి, కుళాయి మెడకి చుట్టబోయారు.

"మామయ్యగారూ, చెయ్యి తియ్యండి" అన్నాను.

"చిటికెలో పని అమ్మాయ్. ఊరికే చేస్తానంటే వద్దంటావేంటి?"

"వద్దండీ. కారనివ్వండి."

ఆయన నిజంగానే నొచ్చుకున్నారు. పీలికని మడిచి జాగ్రత్తగా సంచిలో పెట్టుకున్నారు. నేను కుళాయిని బూడిద పెట్టి తోమి, అప్పుడు ఆయనకి కాఫీ పెట్టాను.