నబీ సార్‌కు నచ్చని ఖాళీ చెయ్యి

నబీ సాహెబ్ మాస్టారుకు ఎవరి చెయ్యీ ఖాళీగా కనిపించకూడదు. ఆయనకున్న జబ్బల్లా అదొక్కటే. మైదుకూరు సంతలో ఎవరైనా ఊరికే చేతులూపుకుంటూ పోతుంటే తన గొడుగో, వంకాయల సంచో ఆ చేతిలో పెట్టి, "ఇంక సరిపాయ" అని తృప్తిగా ముందుకు సాగిపోయేవారు. తరువాత ఆ సంచీ కోసం సంతంతా తిరగాల్సింది ఆయన భార్య బషీరాబీ.

ఈ జబ్బు హైస్కూల్లో కెమిస్ట్రీ చెబుతూ అంటుకున్నదే. ఆయన లెక్క ప్రకారం ప్రతి మూలకానికీ ఇన్ని చేతులని ఉంటాయి. సోడియానికి ఒకటి, క్లోరిన్‌కు ఒకటి, కాల్షియానికి రెండు, కార్బన్‌కు నాలుగు. చెయ్యీ చెయ్యీ కలిస్తే బంధం. ఒక్క చెయ్యి కూడా మిగలకుండా అన్నీ కలిస్తేనే ఆ గుంపుకు పేరు.

ఇది నల్లబల్ల మీద రాసి ఊరుకోవచ్చు. కానీ ఆయన పిల్లలనే మూలకాలు చేసి నిలబెట్టేవారు. క్లోరిన్ అయినవాడు ఎడమ చెయ్యి వీపు వెనక దాచుకోవాలి. కార్బన్‌కు దేవుడిచ్చిన చేతులు చాలవు కాబట్టి నడుముకు తుండుగుడ్డ కట్టుకుని రెండు కొసలూ అటూ ఇటూ వదలాలి.

"నీ పేరేందప్పా?" అని అడిగేవారు, సోడియం చెయ్యి పట్టుకున్న పిల్లవాణ్ని.

"ఒంటిగా ఉన్నంతసేపూ క్లోరిన్ సార్. ఇప్పుడు క్లోరైడ్."

ఇంట్లోనూ ఇదే వరస. ఉప్పు అయిపోయిందని బషీరాబీ అంటే, సోడియం క్లోరైడ్ అనమనేవారు. "యా పేరైతే ఏముండాది, పప్పులో పడాల గదా" అని ఆమె ఆయన ఖాళీ చేతిలో ఉప్పు డబ్బా పెట్టి అంగడికి తోలేది.

హెడ్మాస్టరు గోపన్నగారు సరిగ్గా దీనికి తలకిందులు మనిషి. ఎప్పుడూ రెండు చేతులూ వెనక కట్టుకునే నడిచేవారు. నబీ మాస్టారు ఆయనకు చాటుగా ఆర్గాన్ అని పేరు పెట్టారు. అది ఎవరితోనూ కలవని వాయువు. సంగతి గోపన్నగారికి తెలిసినా కోపం రాలేదు. నాలుగు కాలాలు ఉద్యోగం చేయాలంటే ఆర్గాన్‌లా ఉండడమే క్షేమమని ఆయన నమ్మకం.

ఆ నమ్మకానికి పంతొమ్మిది వందల ముప్పైతొమ్మిదిలో పరీక్ష వచ్చింది. ఐదో ఫారంలో, అంటే ఇప్పటి పదో తరగతిలో, పదకొండు మంది పిల్లలు. వాళ్లలో బాలస్వామి ఊరి బయటి క్రైస్తవుల పల్లె నుంచి వచ్చేవాడు. వెనక బెంచీ చివర, పక్కవాడికి మూరెడు దూరంలో కూర్చునేవాడు. అంటరానివాడని వాణ్ని ఎవరూ తాకేవారు కారు. మొదటిసారి వాణ్ని కాల్షియంగా నిలబెట్టినప్పుడు క్లోరిన్లు ఇద్దరూ నేలచూపులు చూశారు. నబీ మాస్టారు కోప్పడలేదు.

"చెయ్యి కలపకుంటే పేరు లేదు. పేరు లేకుంటే మార్కు లేదు. మీ ఇష్టమప్పా."

తాతల నాటి పట్టింపు మార్కుల ముందు పది నిమిషాలు కూడా నిలవలేదు. కానీ సంగతి ఇళ్లకు చేరింది. గిడ్డయ్య అనే పిల్లవాడి తండ్రి ఊళ్లో పెద్ద రైతు. ఆ సైన్సు మాస్టరును తీసేయాలని అర్జీ రాసి ఇన్‌స్పెక్టరుకు పంపాడు. నకలు గోపన్నగారి బల్ల మీద పడింది. వారంలో ఇన్‌స్పెక్షను.

"సాయిబూ, ఏం చేస్తాండావో తెలుస్తాందా నీకు?" అన్నారు గోపన్నగారు. "నీ ఉద్యోగం పోతాది. ఇన్‌స్పెక్టరు వచ్చిపోయేదాంక ఎవురూ ఎవురి చెయ్యీ పట్టుకోగూడదు."

"అట్లే కానీండి సార్. మరి పేర్లు యాడ నుంచి వస్తాయి?"

"పుస్తకంలో నుంచి."

ఆ మాట ఎంత తప్పో ఇన్‌స్పెక్షను నాడు తెలిసింది. పెద్ద రైతు మాట విని ఊరివాళ్లు పిల్లల్ని బడికి పంపలేదు. తరగతిలో ఉన్నది నలుగురే. వాళ్లలో గిడ్డయ్య ఉండడం చూసి గోపన్నగారు నివ్వెరపోయారు. మార్కులు పోతాయని వాడు ఇంట్లో చెప్పకుండా వచ్చేశాడు.

ఇన్‌స్పెక్టరు కుర్చీలో కూర్చున్నారు. అర్జీ ఆయన కోటు జేబులోంచి కనిపిస్తూనే ఉంది.

"కాల్షియం క్లోరైడ్‌లో క్లోరిన్లు రెండెందుకు?"

నలుగురూ తమ చేతుల వైపు చూసుకున్నారు. గోపన్నగారికి ఇచ్చిన మాట ప్రకారం నబీ మాస్టారు కిటికీ దగ్గర ఊరకే నిలబడ్డారు. తన బడిలో ఇంత మంచి మాస్టరు తన ఉత్తర్వు వల్లే పోతున్నాడని గోపన్నగారికి అర్థమైంది.

గిడ్డయ్య లేచాడు. "చేతులు లేకుండా చెప్పేకి రాదు సార్."

"అయితే చేతులతోనే చెప్పు."

వాడు వెనక బెంచీకి నడిచి బాలస్వామి చెయ్యి పట్టుకున్నాడు. "వీడు కాల్షియం. రెండు చేతులుండాయి. నాది ఒకటే. వీని ఇంకో చెయ్యి ఖాళీ గదా సార్, అందుకని ఇంకొక క్లోరిన్ కావాల." రెండోవాడు వచ్చి ఆ చెయ్యి పట్టుకున్నాడు.

ఇన్‌స్పెక్టరు ముందుకు వంగారు. "బాగుంది. కార్బన్ టెట్రాక్లోరైడ్?"

బాలస్వామి సంచీలోంచి తుండుగుడ్డ తీసి నడుముకు కట్టుకున్నాడు. ఇద్దరు కొసలు పట్టుకున్నారు, గిడ్డయ్య ఎడమ చెయ్యి పట్టుకున్నాడు. కుడి చెయ్యి గాలిలో మిగిలిపోయింది.

"పేరు రాదు సార్," అన్నాడు బాలస్వామి నెమ్మదిగా. "టెట్రా అంటే నాలుగు. ఇంగొకరు లేరు."

ఆ చాచిన చెయ్యిని గోపన్నగారు చూశారు. ఇన్‌స్పెక్టరును చూశారు. జేబులో అర్జీని చూశారు. ఇరవై రెండేళ్లుగా వెనక కట్టుకున్న చేతులు విడదీసి, ఎడమ చెయ్యి వీపు వెనకే ఉంచి, తరగతి మధ్యకు నడిచారు.

"నేను క్లోరిన్," అని బాలస్వామి చెయ్యి పట్టుకున్నారు. గొడ్లకు గడ్డి కోసే గరుకు చెయ్యి, చెమటతో తడిగా ఉంది. తడి వాడిదో తనదో ఆయనకు తెలియలేదు.

"కార్బన్ టెట్రాక్లోరైడ్," అన్నారు పిల్లలు ఒక్క గొంతుతో. ఇన్‌స్పెక్టరు ఐదుగురినీ చూసి, అర్జీని జేబులో ఇంకాస్త లోపలికి తోసుకున్నారు.

"హెడ్మాస్టరే పాఠంలో ఉన్నాక నేను తీసేయాల్సింది ఎవరిని?" అని, సైన్సు బోధన చాలా తృప్తికరమని రిజిస్టరులో రాసి సంతకం పెట్టారు.

బండి కదిలి వెళ్లాక గోపన్నగారు కుండలోని నీళ్లు మూడు గ్లాసులు తాగారు. ప్రాణం తెరిపిన పడింది. అప్పుడు బల్ల మీదున్న నబీ మాస్టారి నోటుపుస్తకం తెరిచారు. ఏ రోజు ఎవరు ఏ మూలకమో అందులో రాసి ఉంది. గిడ్డయ్య తొమ్మిదిసార్లు సోడియం అయ్యాడు. మిగతావాళ్లూ తలా ఏడెనిమిదిసార్లు అయ్యారు. బాలస్వామి కార్బన్, కాల్షియం, అల్యూమినియం, మళ్లీ కార్బన్. ఏడాదంతా ఒక్కసారీ ఒంటిచెయ్యి మూలకం కాలేదు.

"ఏం సాయిబూ, వీనికే ఎప్పుడూ అన్ని చేతులేంది?"

నబీ మాస్టారు మీసం సవరించుకున్నారు. "వానికి శానా మంది చెయ్యి బాకీ పడినారు సార్. ఒగొగరే వస్తే ఎప్పటికి తీరాల?"

గోపన్నగారు పేజీ తిప్పారు. చివర ఆర్గాన్ అన్న వరసలో తన పేరుంది. ఆర్గాన్‌ను కొట్టేసి, పక్కన ఇంకా ఆరని సిరాతో క్లోరిన్ అని రాసి ఉంది. ఆయన నవ్వుతూ తల ఎత్తేలోగా నబీ మాస్టారు తన గొడుగు తెచ్చి ఆయన ఖాళీ చేతిలో పెట్టేశారు.