లిలువా నుంచి ఫోన్లో వచ్చిన వాచకం

బెంగాల్లో, ఓడరేవు పక్కనున్న ఖిదిర్‌పూర్‌లో మా వీధి పిల్లలందరికీ తెలుగు మాట్లాడటం వచ్చు. చదవడం ఎవరికీ రాదు. ఓడలకు సరుకు ఎక్కించి దించే డాక్‌లో క్రేన్ నడిపే మా నాన్న, ఆయన తోటివాళ్లూ కలిసి ఆదివారాల్లో తెలుగు బడి పెట్టాలనుకున్నారు. వాచకం రాసి, తన పాత కంప్యూటర్‌లో టైపు చేసే పని నది అవతల లిలువాలో ఉండే ఒక రైల్వే గుమాస్తాగారు తీసుకున్నారు. పేజీలు సర్ది ప్రెస్సుకివ్వడం నా వంతు. మా వీధి చివర అందరూ దాదా, అంటే అన్న, అని పిలిచే ఒక బెంగాలీ ఆయన నడిపే డీటీపీ షాపులో నేను పనిచేసేదాన్ని.

గుమాస్తాగారు పంపిన ఫ్లాపీ మా కంప్యూటర్‌లో తెరుచుకోలేదు. మర్నాడు బంద్. బంద్ అయిన మర్నాడు పొద్దున్నే పేజీలు ఇవ్వకపోతే బడి మొదలయ్యే రోజుకి పుస్తకాలు రావని ప్రెస్సువాళ్లు చెప్పేశారు.

"బస్సులుండవు. ఇప్పుడేటి సేద్దాం?" అన్నాడు నాన్న.

"ఫోన్లో తెప్పిస్తాను" అన్నాను.

ఆయన నవ్వలేదు. ఇంటర్నెట్ లేకుండానే, ఫోన్ లైనుకు తగిలించే మోడెమ్‌తో ఒక కంప్యూటర్ ఇంకో కంప్యూటర్‌కి నేరుగా ఫోన్ చెయ్యగలదని పుస్తకంలో చదివానే కానీ, ఎప్పుడూ చేసి చూడలేదు. గుమాస్తాగారి దగ్గరా మోడెమ్ ఉండటం మా అదృష్టం.

బంద్ రోజు దాదా షాపు వెనక తలుపు తీసి నన్నూ నాన్ననూ లోపలికి రానిచ్చాడు. గుమాస్తాగారికి ఫోన్ చేసి ఏ మీట నొక్కాలో ఒక్కొక్కటే చెప్పి పెట్టేశాను. కాసేపటికి మా ఫోన్ మోగింది. మోడెమ్ చేత ఎత్తించాను. కీచుమని అరిచి, గరగరమని, ఊరుకుంది. తెర మీద ఇంగ్లీషు అక్షరాల్లో ఒక్కో అక్షరమే పడింది: "వింటున్నావా అమ్మా". "వింటున్నానండీ" అని కొట్టాను.

ఫైలు సగం దాకా వచ్చి తెగిపోయింది. పై అంతస్తులో దాదా వాళ్ల అమ్మగారు అదే లైనుకున్న రెండో ఫోన్ ఎత్తారట. "ఓ మా! ఫోనే భూత్ ఢుకేఛే!" అని మెట్ల మీంచి కేకేశారు, ఫోన్లో దెయ్యం దూరిందని.

నాన్న పైకి వెళ్లాడు. "నువ్వు కానీయే. ఎవులూ ముట్టుకోకండా నానీడ కూకుంటాను" అన్నాడు. ఆవిడిచ్చిన టీ తాగుతూ, డాక్ కబుర్లు చెబుతూ, ఆవిడ చెయ్యి ఫోన్ వైపు వెళ్లకుండా చూసుకున్నాడు.

గుమాస్తాగారు మళ్లీ చేస్తే, ఈసారి తెగిన చోటు నుంచే మొదలై ఫైలు పూర్తిగా వచ్చింది. తెరిస్తే పేజీ నిండా పిచ్చి గుర్తులు. నా ప్రాణం ఉసూరుమంది. కాసేపటికి అర్థమైంది. ఆయన వాడిన తెలుగు ఫాంటు మా కంప్యూటర్‌లో లేదు. మళ్లీ ఫోన్ చేసి దాన్నీ పంపించమన్నాను. అదొచ్చాక అదే పేజీ తెలుగైపోయింది.

నాన్నను పిలిచాను. ఇంట్లో అమ్మ నేర్పిన కాస్త చదువుతో నేను కూడబలుక్కుంటుంటే, ఆయన నా వెనక నిలబడి మొదటి పాఠం ఎక్కడా ఆగకుండా చదివేశాడు. ఆయన గొంతు అంత పెద్దగా నేనెప్పుడూ వినలేదు. పైనుంచి అమ్మగారూ దిగొచ్చారు. ఒక్క ముక్క అర్థం కాకపోయినా చివరిదాకా నిలబడి విన్నారు.

బడి మొదలైన రోజు గుమాస్తాగారు లిలువా నుంచి వచ్చారు. సిరా వాసన పోని వాచకం చేతిలో పట్టుకుని, "ఈ పనంతా నీకెవరు నేర్పారమ్మా?" అని అడిగారు.

నేను నోరు తెరిచేలోపే నాన్న అందుకున్నాడు. "ఎవులూ నేర్పలేదు బాబూ. మా గుంట దానికదే నేర్సుకుంది."

డాక్ మనుషులంతా నా వైపు తిరిగారు. సిగ్గుపడి తల దించుకోవాల్సిన సమయమే. కానీ నేను దించుకోలేదు.