చెన్నమ్మ ఆటో దిగని రోజు

చెన్నమ్మ ఒక్క కేక వేసిందంటే బళ్ళారి దిక్కు పోతున్న మేఘం వెనక్కి తిరిగొచ్చి కళ్యాణదుర్గం మీద కురుస్తుంది. మరి ఇన్నేళ్ళ కరువేమిటని అడిగేవాళ్ళుంటారు. ఆమె ఊరికే కేకలు వేసే మనిషి కాదు, అదీ సంగతి. గొంతంతా మేఘాల మీద ఖర్చు పెడితే బస్టాండులో కండక్టర్ల కోసం ఏం మిగులుతుంది?

గుత్తి రైల్వే గ్యాంగ్‌మన్ కూతురు ఆమె. మనిషి పొట్టి, నడక మాత్రం ఎక్స్‌ప్రెస్. చేతిలో ఎప్పుడూ ఒక వైరు బుట్ట, అందులో ఒక జత బట్టలు, సబ్బు, చిత్రాన్నం డబ్బా. ఆ బుట్టతో ఆమె జైలు గేటు ముందు నిలబడుతుంది. శిక్ష ముగించుకుని బయటికొచ్చిన మనిషికి ఎవరూ ఎదురు రాకపోతే, ఎదురొచ్చేది చెన్నమ్మ.

కళ్యాణదుర్గంలో ఎరువుల అంగడి మీద రెండు గదుల్లో నడిచే 'తోడు' అనే సంస్థ మనిషి ఆమె. అక్కడ కొన్నాళ్ళు పడుకోవడానికి చోటిస్తారు, అన్నం పెడతారు, ఆధార్ కార్డు సరిచేయిస్తారు, ఆసుపత్రికి తీసుకుపోతారు. శనివారం ఒక వకీలు వచ్చి కూర్చుంటాడు. దేనికీ పైసా తీసుకోరు. ఉచితం అనగానే జైలు నుంచి వచ్చినవాళ్ళకు ముందు అనుమానమే పుడుతుంది. అప్పుడు చెన్నమ్మ, "దుడ్లు వద్దులేప్పా. నా మాటలన్నీ వినాల. దానికంటే జైలే మేలని పారిపోయినోళ్ళు కూడా ఉండారు" అంటుంది.

ఈ పనిలోకి ఆమె నవ్వుతూ రాలేదు. తమ్ముడు ముత్యాలప్ప విడుదలైన రోజు ఇంట్లోవాళ్ళు సిగ్గుపడి ఎవరూ పోలేదు. వాడు గుత్తి జంక్షన్‌లో దిగి, చాలాసేపు బెంచీ మీద కూర్చుని, ఇంటి దిక్కు రాకుండా ఇంకో రైలెక్కి పోయాడు. ఇప్పటికీ జాడ లేదు. ఆ బెంచీ సంగతి చెప్పేటప్పుడు మాత్రం చెన్నమ్మ గొంతులో ఏ మేఘమూ తిరగదు.

పోయిన ఎండాకాలం చివర గేటు బయటికొచ్చిన నల్లప్ప అటూ ఇటూ చూశాడు.

"ఎవురికోసరం చూస్తాండావప్పా?" అంది చెన్నమ్మ.

"ఎవురూ రారని తెలుసుక్కా. ఊరికే చూస్తాండా."

"మల్ల నేనెవురు, దయ్యమా? ఈ చిత్రాన్నం తిను. తిన్నాక దయ్యమో కాదో చెప్పు."

నల్లప్పది కళ్యాణదుర్గం నుంచి షేర్ ఆటోలో పోయే బోడికొండపల్లి. బోరు మోటారు దగ్గర పక్క ఊరివాళ్ళతో జరిగిన కొట్లాటలో ఒక మనిషి చనిపోయాడు. కట్టె ఎత్తింది తానేనని నల్లప్ప ఎన్నడూ దాచలేదు. ఏడేళ్ళు లోపలున్నాడు. పక్క ఊరి పొలిమేర తొక్కనని చెన్నమ్మ అతని చేత మొదటి రోజే మాట తీసుకుంది.

భార్య సుజాత కూతుర్ని తీసుకుని కణేకల్‌లో పుట్టింటికి పోయి, కాలువ కింద వరి నాట్లు వేసుకుని బతుకుతోంది. నల్లప్ప ఫోన్ చేస్తే ఆమె ఏడవలేదు, తిట్టలేదు. "ఊరోళ్ళు నీ చేన్లో కాలు పెడితే నేనూ పెడతా. ఊరు ఎలేసిన ఇంట్లోకి బిడ్డను పిల్చుకోని రాను" అని పెట్టేసింది. అంతే. నల్లప్ప బతుకంతా ఆ మాట మీద నిలబడింది. రాత్రి 'తోడు' గదిలో పడుకుంటూ, పగలు ఊరికి పోయి, ఏడేళ్ళ బీడులో మొలిచిన తుమ్మ కంపలన్నీ ఒక్కడే నరికాడు. 'తోడు' వాళ్ళు వేరుశనగ విత్తనం ఇప్పించారు. చేను సిద్ధం, విత్తనం సిద్ధం. ఊరే సిద్ధంగా లేదు. ఎదురుపడితే తల పంకించేవాళ్ళే తప్ప, నిలబడి మాట్లాడేవాళ్ళు లేరు.

విత్తనాల కాలం దగ్గరపడింది. ఊరి పెద్దరైతు శ్రీరంగప్ప ఇంటి వసారాలో విత్తనం కాయలు ఒలుస్తున్నారని తెలిసి, చెన్నమ్మ నల్లప్పను వెంటబెట్టుకుని పోయి, పిలవకుండానే మధ్యలో కూర్చుంది. ఒలిచేవాళ్ళ మాటలు ఆగిపోయాయి. శ్రీరంగప్ప భార్య బయమ్మ ఒక చాటను ముందుకు తోసింది.

"మీ ఊర్లో చుట్టాలకు పని పెడతారని తెలీక కడుపునిండా తినొచ్చినానమ్మా, వంగేదానికి కావడంలే" అంది చెన్నమ్మ. ఎవరో కిసుక్కున నవ్వారు. ఇక ఆమె నోటికి అడ్డేముంది? గుత్తిలో తన తండ్రి పచ్చజెండా ఊపితే కోట గోడ కూడా కదలబోయిందని చెప్పింది. నల్లప్ప మాత్రం తలెత్తకుండా ఒలిచాడు. అతని ముందు పప్పులు కుప్ప పడ్డాయి, ఒక్కటీ చిట్లలేదు.

సాయంత్రం బయమ్మ కొంగుముడి విప్పి నోట్లు చాచింది. నల్లప్ప చేతులు వెనక్కి పోయాయి.

"తీసుకోప్పా. చెమటోడ్చినావు, సిగ్గెందుకు?" అంది చెన్నమ్మ. అతను తీసుకున్నాడు.

తిరుగు ఆటోలో చెన్నమ్మ గెలిచి వచ్చిన సర్పంచిలా కూర్చుంది. జీతం రోజు ఇంట్లో పండగ చేసుకున్న గ్యాంగ్‌మన్ కూతురు ఆమె. చేతిలో కూలి పడిందంటే మర్యాద పడినట్టే ఆమెకు. నల్లప్ప మాత్రం ఆ నోట్లను ఇంకా చేతిలోనే పట్టుకుని ఉన్నాడు.

"ఏమైందప్పా?"

"బయమ్మత్త నాకు కూలి ఇచ్చిందక్కా."

"తక్కువిచ్చిందా?"

"ఇచ్చిందే తప్పు. ఆడ కూచున్న ఇంకెవురికన్నా ఇచ్చిందా, చూసినావా?"

చెన్నమ్మ చూడలేదు. అందరినీ నవ్వించే పనిలో ఉంది మరి.

ఆ పల్లెల్లో ముయ్యి అని ఒక పద్ధతి. ఈ రోజు నేను నీ చేలో చేస్తాను, రేపు నువ్వు నా చేలో చేస్తావు. మధ్యలో డబ్బు ఉండదు. ముయ్యి బాకీ ఉన్నన్నాళ్ళు ఒకరి గడప ఒకరు తొక్కాల్సిందే. కూలి చేతిలో పెట్టారంటే మాత్రం ఆ సాయంత్రానికే తెగిపోయినట్టు. నువ్వు పరాయివాడివి, పోయిరా అని మర్యాదగా చెప్పినట్టు.

"జైల్లో కూడా కూలి ఇచ్చినారక్కా" అన్నాడు నల్లప్ప. "కూలే కావాల్నంటే ఊరికొచ్చే పనేముండాది?"

ఆ దారిలో అంత నిశ్శబ్దం ఎన్నడూ ఎరగని ఆటో, ఇంజను పాడైందేమోనని తానే ఒకసారి దగ్గి చూసుకుంది.

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ మళ్ళీ పోయారు. చెన్నమ్మ దారంతా ఏం మాట్లాడాలో కూడబలుక్కుంది. బయమ్మను ఎట్లా మెత్తబరచాలి, శ్రీరంగప్పకు ఏ మాట ముందు వేయాలి, అన్నీ సిద్ధం చేసుకుంది. ఇంటి ముందు ఆటో ఆగగానే కాలు కింద పెట్టబోయింది.

"నువ్వు ఈడే ఉండక్కా" అన్నాడు నల్లప్ప. "నీ మాటకు వాళ్ళు ఊ అంటే, నీతో పాటే ఆ ఊ కూడా ఆటో ఎక్కి పోతాది."

ఆమె కాలు లోపలికి తీసుకుంది. వైరు బుట్ట ఒళ్ళో పెట్టుకుని, రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది. బెంచీ మీద ఒంటరిగా కూర్చున్న తమ్ముడు కళ్ళలో మెదిలాడు. వీడు కూడా ఇప్పుడు తల వంచుకుని తిరిగొచ్చి, ఏ బస్సో ఎక్కి పోతే?

వసారాలో నల్లప్ప నోట్లను చాటలో పెట్టాడు. ఏదో అన్నాడు. ఆటోలోకి వినబడలేదు. బయమ్మ ఆ నోట్లనే చూస్తూ ఉండిపోయింది. లోపలి నుంచి శ్రీరంగప్ప వేపపుల్ల నములుతూ వచ్చాడు. చాటను చూశాడు, మనిషిని చూశాడు, పుల్ల ఉమ్మేశాడు. గడ్డంతో కాయల కుప్ప వైపు చూపించాడు. నల్లప్ప పంచె సర్దుకుని కూర్చున్నాడు. బయమ్మ నోట్లు తీసి కొంగున కట్టుకుంది.

"ఏమంటాండారక్కా?" అన్నాడు ఆటో అతను.

"ఏమో. ఒలుస్తాండాడు" అంది చెన్నమ్మ. అది మంచో చెడో ఆమెకు తెలియలేదు.

ఆ వారంలోనే వాన పడింది. చెన్నమ్మ కేక వేసిందని కొందరు, లేదు, దగ్గిందంతేనని కొందరు. తడి ఆరకముందే విత్తాలి. ట్రాక్టర్లన్నీ పెద్ద చేలల్లో ఉన్నాయి. నల్లప్ప ముందు రోజంతా శ్రీరంగప్ప చేలో పనిచేశాడు. తన చేను ఎట్లా అని అడగలేదు. ముయ్యిని నోరు తెరిచి అడగరు. తెల్లవారాక చెన్నమ్మకు ఫోన్ చేసి, "ఎవురూ రాలేదక్కా" అన్నాడు. ఆమె దొరికిన ఆటోలో బయల్దేరింది. చేరేసరికి నల్లప్ప గట్టు మీద విత్తనం మూట పక్కన నిలబడి, దారి వైపు చూడకుండా ఉండటానికి తంటాలు పడుతున్నాడు.

ముందు మెడగంటల చప్పుడొచ్చింది. తర్వాత శ్రీరంగప్ప ఎద్దులు, వాటి వెనక విత్తనం వేసే గొర్రు. ఆ వెనక బయమ్మ, ఒడిలో విత్తనం పోసుకోవడానికి చీర బిగించుకుని, ఇంకా కొందరు ఆడవాళ్ళు.

"ఏం నల్లప్పా, అట్ల నిలబడినావు?" అంది బయమ్మ. "ఎద్దులకు నీళ్ళు తాపేసరికి ఈ పొద్దాయ. విత్తనం విప్పు, తడి ఆరిపోతాంది."

నల్లప్ప మూటముడి విప్పలేకపోయాడు. బయమ్మే విప్పింది. గొర్రు మొదటి సాలు తిరిగింది. అతను ఫోన్ తీసి సుజాతకు కలిపి, ఎద్దుల వైపు చాచి పట్టుకున్నాడు. గంటలు, అదిలింపులు, బయమ్మ తిట్లు, అన్నీ కణేకల్ దాకా పోయాయి.

"సాయంత్రం బస్సుకొస్తాము" అంది సుజాత. "పాప టీ తాగదు, పాలు తెచ్చిపెట్టు."

నల్లప్ప గట్టు మీద కూలబడి, పై తువ్వాలతో ముఖమంతా కప్పుకున్నాడు. చెన్నమ్మ అటు చూడకుండా చెప్పులు విడిచి చేలోకి దిగింది.

పొద్దు కుంగకముందే కళ్యాణదుర్గం టీ అంగళ్ళలో కథ వేరేగా తయారైంది. చెన్నమ్మ బోడికొండపల్లి నడివీధిలో నిలబడి గర్జిస్తే ఇళ్ళ తలుపులు వాటంతటవే తెరుచుకున్నాయట. ఊరు ఊరంతా చెవులు పట్టుకుని చేలోకి దిగిందట. ఎద్దులు కాడి తామే మెడకెత్తుకున్నాయట. బస్టాండులో ఎవరో ఆమెను ఆపి, నిజమేనా అని అడిగారు.

"లేదప్పా. నేను తీసుకోమన్న కూలిని నల్లప్ప తిరిగిచ్చినాడు, వాళ్ళు ముయ్యికొచ్చినారు. నేను ఆటోలో కూచోనుంటి."