పసుపు కింద పగిలిన టైరు: నర్సంపేట దాకా చేరని ప్రయాణం

దసరా పూజ చేసిన చేత్తోనే కిరాయి కార్ల కిష్టయ్య సేటు ఆరుగురి ప్రాణాలను గండంలో పెట్టాడు. పెట్టి, తప్పంతా డ్రైవర్ యాకూబ్ మీదికి తోశాడు. ఆ కారులో నేనున్నాను. నర్సంపేట ప్రయాణం పెట్టుకున్నవాళ్లు ఇది చదివి మరీ కారెక్కండి.

అక్కడి మిత్రులు చదువుకునే గది ఒకటి తెరుస్తున్నారు. నా దగ్గరున్న కరపత్రాలు మూట కట్టుకుని బయలుదేరాను. వరంగల్ రైలు స్టేషన్ బయటి అడ్డాలో ఉదయం ఏడింటికి కారు. ఇరవై నాలుగు మైళ్లు, మనిషికి పన్నెండణాలు, గంటన్నర దారి. పండుగ మరునాడు కావడంతో నాలుగు చక్రాలకూ మందంగా పసుపు, దాని మీద కుంకుమ బొట్లు. ముందరి ఎడమ టైరు మరీ పెళ్లికొడుకులా మెరుస్తోంది. కారెక్కబోతూ లచ్చవ్వ అనే ముసలామె దాన్ని తాకి కళ్లకద్దుకుంది. మూఢనమ్మకాల మీద మూడు కరపత్రాలు చదివినవాణ్ని, నేనూ అద్దుకున్నాను! పసుపు కింద ఏముందో చూడాలని ఒక్కరికీ తోచలేదు.

యాకూబ్ ఒక్కడే ఆ టైరు ముందు గొంతుక్కూర్చున్నాడు. "సేటూ, మూడు దినాల సంది చెప్తాన, ఇది మార్చుమని. పైకెల్లి ఐదుగురు మనుషులు, రెండు ఉప్పు బస్తాలా?"

"దునియంత లడాయి నడుస్తాంది. టైర్లేమన్న చెట్లకు కాస్తానయా? నడుపుతవా, చాబీ ఇస్తవా?" అన్నాడు సేటు.

రబ్బరు చెట్టు పాలేనని చదివాను గానీ అది చెప్పలేదు. చెప్పవలసింది అసలు వేరే ఉంది, అదీ చెప్పలేదు. పనివాడి పక్షమని ఊరంతా చాటుకునే నేను ఆలస్యమవుతోందని విసుక్కున్నాను.

దారంతా యాకూబ్ నత్తలా నడిపాడు. "యాకూబన్నా, ఎడ్లబండి మనల దాటిపోతాంది, సూస్తానవా?" అన్నాను.

"పోనీ తమ్మీ. దానికి టైరు లేదు, ఫికర్ లేదు."

"పెండ్లి ఊరేగింపు లెక్క తీస్కపోతాండు. పిల్లేదిరా, పిల్లగాడేడిరా?" అంది లచ్చవ్వ. కారంతా నవ్వింది.

గీసుగొండ దాటాక, కల్వర్టు దగ్గర, తుపాకి పేలినట్టు చప్పుడు. కారు ఎడమకు గుంజుకుపోయింది. యాకూబ్ స్టీరింగును రెండు చేతులా పట్టుకుని కల్వర్టు తప్పించి, పక్క పొలం బురదలో ఆపాడు. లచ్చవ్వ పెదవి చిట్లింది. మిగిలిన మాకు ఏమీ కాలేదు. గిర్రున తిరిగిన స్టీరింగు దెబ్బకు అతని మణికట్టు మాత్రం విరిగింది. కాస్త వేగంగా వెళ్తుంటే ఇది రాయడానికి నేను ఉండేవాణ్ని కాదు.

రోడ్డు పక్కన చెప్పులు కుట్టే ఎల్లయ్య పరుగున వచ్చాడు. కాలువ నీళ్లతో టైరు కడిగాడు. పసుపు పోయింది, దాని కింది దీపపు మసీ పోయింది. పక్కలు ఎండిన చెరువులా నెర్రెలిచ్చి ఉన్నాయి.

"నేలకు తాకే దిక్కు గాట్లు కొత్తయే గదా?" అన్నాను.

"కొత్తయే తమ్మీ, మొన్నటియి!" అంటూ తోలు కోసే తన రంపి తీసి గాటులో పెట్టాడు. సరిగ్గా పట్టింది. "కొత్తదాని లెక్క కనవడాలని మా పనిముట్టుతోని చెక్కిండ్రు. అరిగిన రబ్బరును ఇంక పల్చగ జేసిండ్రు. అడుగున దారాలు కనవడ్తానయ్, సూడు. చెప్పులకు గుడ ఈ టైరు నేను కొన."

యాకూబ్ చేతికి లచ్చవ్వ తన కొంగు చింపి కట్టింది. ఎడ్లబండి మాట్లాడుకుని వరంగల్ దవాఖానకు చేరేసరికి మధ్యాహ్నం రెండయింది. అక్కణ్ణుంచి నేను అడ్డాకు వెళ్తే, సేటు నలుగురిని పోగేసి చెబుతున్నాడు: "గుర్రం లెక్క ఉరికిచ్చిండు! గందుకే పేలింది. పోలీసు ఠాణాల అమీన్ సాబ్‌కు చెప్పిన, లైసెన్సు గుంజుకుంటరు."

"ఉరికిచ్చిండా? మమ్ముల ఎడ్లబండి దాటిపోయింది సేటూ!"

"కరపత్రాల పోరడా, నీ ఒక్కని మాట ఎవడింటడు?"

ఆ మాట నన్ను ఇంకా కాలుస్తోంది. విరిగిన చెయ్యి మానుతుంది. లైసెన్సు పోతే యాకూబ్ ఇంట్లో పొయ్యి వెలగదు. మనిషిని కాపాడవలసిన రబ్బరును చెక్కి, మసి పూసి, దేవుణ్ని అడ్డం పెట్టి కిరాయి దండుకున్నవాడు మాత్రం పెద్దమనిషి! మనం మొక్కాం గనుకనే వాడు దాచగలిగాడు. అందుకే ప్రయాణికులకు ఒక్క మాట: కారెక్కే ముందు చెంబెడు నీళ్లతో టైరు కడిగించండి. పక్కల నెర్రెలు, గాటు అడుగున దారాలు కనిపిస్తే, ఎంత పూజ చేసినదైనా ఎక్కకండి.

శుక్రవారం ఠాణాకు రమ్మని అమీన్ సాబ్ యాకూబ్‌కు కబురు పెట్టాడు. ఎల్లయ్య ఆ టైరునూ తన రంపినీ తెస్తున్నాడు. లచ్చవ్వ చిట్లిన పెదవితోనే వస్తానంది. ఆ కారులో ఉన్న మిగతా ముగ్గురూ, యాకూబ్ నెమ్మదిగా నడుపుతాడని ఎన్నడైనా తిట్టిన ప్రతి ఒక్కరూ రండి. ఆ తిట్లే ఇప్పుడతనికి సాక్ష్యం. ఠాణాకు అందరం కలిసి బయలుదేరేది రైలు స్టేషన్ బయటి అడ్డా నుంచే, శుక్రవారం ఉదయం సరిగ్గా ఎనిమిదింటికి.